అక్క చూడబోయిన సంబంధం

జూన్ 3

పొట్టీ,

చేరాను. బస్సులో నడుం పట్టేసింది కానీ మనిషిని బాగానే ఉన్నాను. నువ్వు కట్టిచ్చిన రొట్టెల్లో సగం పక్క సీటావిడకు పెట్టాను. ఆవిడ దిగేదాకా తన కోడలి గురించి చెప్పింది. రొట్టెలు పెట్టకపోయినా చెప్పేదే అనుకో.

ఫోను చెయ్యలేదని అలగకు. ఫోను కింద లాడ్జి కౌంటరు మీద ఉంది, దాని వెనక అతనే కూర్చుంటాడు. అతని గురించి అతని ముందే నిలబడి ఏం చెప్పను? పైగా పిండి మర మోతకు నీ చెవులు సగమే పని చేస్తున్నాయి. ఫోనులో సగం వింటావు, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. ఉత్తరంలో ఆ బాధ లేదు.

నేనెవరో చెప్పలేదు. కంటి ఆసుపత్రికి వచ్చానన్నాను. ఏ ఊరంటే పక్క ఊరి పేరు చెప్పాను. నలభై దాటిన చెల్లెలికి సంబంధం చూడడానికి అక్క మారువేషం వేసుకుని వెళ్లిందంటే మన వీధి వీధంతా నవ్వుకుంటుంది. పాలావిడ అడిగితే నువ్వు కూడా కళ్లకనే చెప్పు.

గది రెండో అంతస్తులో ఇచ్చాడు. మంచం, బల్ల, ప్లాస్టిక్ కుర్చీ. అద్దం మగవాళ్ల ఎత్తుకు కొట్టారు, నాకు నా నుదురు మాత్రమే కనిపిస్తుంది. దుప్పటి ఉతికిందే. ఎన్నిసార్లు ఉతికారో, మధ్యలో వెలుతురు కనిపిస్తోంది. కిటికీ తీస్తే ఎదుటి మేడ గోడ చేతికందుతుంది. ఉక్క చెప్పనలవి కాదు. మధ్యాహ్నం వాన పడుతుంది, చల్లబడుతుందనుకుంటే వాన వెలిశాక ఇంకా ఎక్కువ. పొద్దున ఉతికి ఆరేసిన చీర రాత్రికి కూడా చెమ్మగానే ఉంది. సముద్రం దగ్గరేనట. నాకు ఇంతవరకు వాసనే అందింది.

స్నానాల గదిలో కుళాయి కారుతోంది. కిందికి వెళ్లి చెప్పాను. "చూస్తానండీ" అన్నాడు. చూడడమంటే ఈ ఊళ్లో ఏం చేస్తారో చూడాలి.

ఇక మనిషి. పొడుగు. ముందు జుట్టు పలచబడింది. గడియారం చేతికి కాకుండా జేబులో పెట్టుకుంటాడు. మాట తక్కువ. నీ చెయ్యి బెల్టులో పడి, ఇక్కడి ఆసుపత్రిలో కట్లు కట్టించుకుంటూ నువ్వు ఈ లాడ్జిలోనే ఉన్నావు కదా, అప్పుడు మర వదిలి నేను రాలేకపోయాను. వచ్చి ఉంటే అప్పుడే చూసేసేదాన్ని, ఈ ప్రయాణం తప్పేది. పెళ్లి చేసుకుందామని అతను నీకు రాసిన ఉత్తరం నాకు చూపించి, "నువ్వు చూసిరా అక్కా, నువ్వు సరే అంటే సరే, వద్దంటే ఆ మాట మళ్లీ ఎత్తను" అన్నావు. నామీద పెట్టావు కనుక సరిగ్గానే చూస్తాను. నాలుగు రోజుల్లో తేల్చుకుని వస్తాను.

మోటారు వేడెక్కితే ఆపెయ్. తడి గింజలు తెచ్చినవాళ్లను మొహమాటపడకుండా వెనక్కి పంపెయ్.

నీకు దూరంగా ఉన్నా నిన్ను కనిపెట్టే ఉండే
అక్క

జూన్ 6

అక్కా,

నీ ఉత్తరం అందింది. మారువేషం అన్నావు, ఏం వేషం వేశావు? అదే చీర, అదే సంచీ, అదే నడక కదా. నువ్వు వెళ్లిన రోజే పాలావిడ గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, మీ ఇంట్లో మనుషులున్నారా, చప్పుడే లేదు" అంది. కళ్లు చూపించుకోవడానికి వెళ్లిందన్నాను. "కళ్లకేమైంది, వీధి ఆ చివర నా పాలలో నీళ్లు ఈ చివర నుంచే కనిపెడుతుందిగా" అంది.

మోటారు బాగానే ఉంది. తడి గింజలు రెండు మూటలు వెనక్కి పంపాను. ఒకామె తిట్టిపోయింది, మర్నాడు ఎండబెట్టి తెచ్చింది.

ఆయన ఎలా ఉంటారో నాకు తెలుసు కదక్కా. పొడుగు, జుట్టు పలచన అని రాస్తే నేనేం చేసుకోను? మనిషి ఎలాంటివారో చూడు. గడియారం జేబులో పెట్టుకోవడానికి కారణం పట్టీ తెగడం. నేనున్నప్పుడే తెగింది. ఇంకా వేయించుకోలేదా?

పాలావిడ కోడలు నాకు మధ్యాహ్నాలు సాయం వస్తోంది. గింజలు జల్లించడం, సంచులు మూతి కట్టడం. చురుకైన పిల్ల. మాట తక్కువ కాదు.

అన్నం వేళకు తింటున్నావా? నాలుగో రోజు బస్సెక్కుతావు కదా, అందుకని ఈ ఉత్తరం నీకు అందుతుందో లేదో.

పొట్టి

జూన్ 9

పొట్టీ,

అందింది. ఇంకా ఇక్కడే ఉన్నాను. మనిషిని చూడడమంటే కుండ కొట్టి చూసి కొనుక్కోవడం కాదు కదా. ఇంకో నాలుగు రోజులు పడుతుంది.

పెళ్లి కాకుండానే "ఆయన" అయిపోయాడా? "ఉంటారు", "ఎలాంటివారో" అని బహువచనం ఒకటి. నేను మాత్రం ముడి పడేదాకా "అతను" అనే అంటాను.

కుళాయి ఇంకా కారుతోంది. రెండోసారి చెప్పాను. మళ్లీ "చూస్తానండీ" అన్నాడు. నేను కింద బకెట్టు పెట్టుకున్నాను. రాసుకో: మాట ఇస్తాడు, పని చెయ్యడు.

అతను తన చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటాడు, మెట్ల కింద బల్ల వేసుకుని. మగాడు ఇస్త్రీ చేసుకుంటున్నాడంటే చేసిపెట్టేవాళ్లు దగ్గర నిలవలేదన్నమాట. భోజనం కూర్చుని తినడు. కౌంటరు వెనక నిలబడి పళ్లెం చేత్తో పట్టుకుని తింటాడు, ఎవరైనా వస్తే పళ్లెం కింద పెట్టి తాళం చెవి ఇస్తాడు. ఇలాంటివాడికి ఇల్లూ లాడ్జీ వేరుకావు. నువ్వు వస్తే లాడ్జికి వచ్చినట్టే.

నిన్న గది ఊడ్చే ఆవిడను పట్టుకున్నాను. తలుపు దగ్గరగా వేసి, చెవిలో చెప్పినట్టు గుసగుసగా అడిగాను, "మీ యజమాని తాగుతాడా?" అని. ఆవిడ రెండు చేతులతో చెవులు మూసుకుంది. అలాంటి మాట వినలేని మంచి మనిషి పాపం. "తాగడమ్మా" అంది. "కోపిష్టా? చెయ్యి చేసుకునే రకమా?" అన్నాను, ఇంకా మెల్లగా. "కాదమ్మా, కాదు, మీరు కొంచెం..." అని బయటికి చూసింది. ఎవరికో భయపడుతోంది అనిపించింది.

ఈ ఊరి వాళ్లకు అడక్కుండానే చెప్పే జబ్బొకటి ఉంది. పక్క గదిలో కళ్లజోళ్ల ఫ్రేములు అమ్ముకునే ఆయన ఉంటాడు. ఈ పొద్దున మెట్ల మీద ఎదురుపడి, "కోపం లేదండీ ఆయనకు. నేను ఏళ్లుగా వస్తున్నాను, గొంతెత్తగా వినలేదు" అన్నాడు. నేనేమైనా అడిగానా? నవ్వొకటి మళ్లీ.

అసలు సంగతి ఇది. పై అంతస్తులో ఒక ముసలావిడ ఉంది. రోజూ సాయంత్రం అతనే పళ్లెం పట్టుకుని పైకి వెళ్తాడు. వాళ్లమ్మ అనుకున్నాను. కాదు, పోయిన భార్య తల్లట. నీకు తెలుసా? తెలిసే నాకు చెప్పలేదా? మంచం పట్టిన నాన్నకు చాకిరీ చేస్తూనే నీకు పెళ్లీడు దాటిపోయింది. ఆ ముసలిప్రాణం వెళ్లి రెండేళ్లు కాలేదు, ఇంకో ముసలిప్రాణం దగ్గరికి పోతానంటావు. నీ చేతికి పని కరువైందా?

కోపంతో రాయలేదు. చూసింది రాశాను.

నీ మేలు కోరే
అక్క

జూన్ 12

అక్కా,

ముందు నవ్వు ఆపుకుని రాస్తున్నాను. నువ్వు గుసగుసలాడితే మన వీధి చివర కుక్క లేస్తుంది. మర నడుస్తుంటే వినపడేట్టు మాట్లాడీ మాట్లాడీ మనిద్దరికీ చిన్న గొంతు అనేదే లేకుండా పోయింది. ఆవిడ చెవులు మూసుకున్నది చెడ్డ మాటకు కాదు, నీ గొంతుకు. కళ్లజోళ్లాయన గోడవతల నుంచి అంతా విన్నాడు. నేను అక్కడున్నప్పుడు కూడా ఇలాగే, ఆసుపత్రికి వెళ్లేముందు నాలో నేను లెక్కపెట్టుకున్న మందుల పేర్లు కింద కౌంటరు దాకా వినపడ్డాయట. ఇక ఎవర్నీ ఏమీ అడక్కు. లాడ్జి మొత్తానికి తెలిసిపోయి ఉంటుంది.

ముసలావిడ సంగతి తెలుసు. చెప్పలేదు, నిజమే. చెబితే ప్రయాణమే మానేస్తావని. ఆయన భార్య పోయి ఆరేళ్లు. ఇస్త్రీ చేసేవాళ్లు నిలవక కాదక్కా, పోయారు. ఆవిడకు ఇంకెవరూ లేరు, అల్లుడి దగ్గరే ఉండిపోయింది. మంచంలో మనిషి కాదు. మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేదు, అంతే. నా చేతికి కట్టున్న రోజుల్లో రోజూ పొద్దున నన్ను పైకి పిలిచి జడ వేసింది. చిక్కు తీస్తున్నంతసేపూ తన కూతురిని తిట్టేది, బతికున్న మనిషిని తిట్టినట్టే. నాన్నకు చేసిన చాకిరీ గురించి నేనెప్పుడైనా నీ దగ్గర ఏడ్చానా? దాన్ని నువ్వు నా తరఫున మొయ్యకు.

ఆయన గురించి ఒకటి చెప్తాను, నువ్వు అడగలేదు కనుక. ఒక్క చేత్తో నీళ్ల సీసా మూత తీయలేకపోయేదాన్ని. మొదటి రోజు పళ్లతో తీస్తుంటే చూసినట్టున్నారు. మర్నాటినుంచి గది ముందు సీసా పెట్టి ఉండేది, మూత వదులు చేసి, మళ్లీ పైన ఆనించి. ఒక్క రోజూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అంతే. చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ లేదు.

మర ఆపేశాను. పాలావిడ కోడలికి తాళాలెక్కడ పెడతామో చూపించాను. నువ్వు కంగారుపడకు.

ఎప్పుడొస్తున్నావు?

పొట్టి

జూన్ 14

పొట్టీ,

మర ఆపేశాను అని ఎంత తేలిగ్గా రాశావు! నన్ను బస్సెక్కించి, నేను ఇక్కడ కారే కుళాయి కింద బకెట్టు మార్చుకుంటుంటే, నువ్వు అక్కడ మర ఆపి, తాళాలు పాలావిడ కోడలి చేతికిచ్చావన్నమాట. నా సమాధానం నీకు దేనికి మరి? చూసిరమ్మని పంపడం ఎందుకు, నన్ను గుమ్మానికి అడ్డం తొలగించడానికా?

ఆ మర నాన్న ఒక్కడిది కాదు. మీ బావ పోయి నేను ఆ ఇంటికి వచ్చినప్పుడు ఏడుస్తూ మూల కూర్చుంటే, "లేచి ఆ గరాటులో గింజలు పొయ్యి" అన్నాడు నాన్న. పోశాను. ఇంతవరకు పోస్తూనే ఉన్నాను. దాన్ని ఆపాలంటే నన్ను అడగాలి.

జడ ఎవరో వేశారని రాశావు. నీ చిన్నప్పటి నుంచి వేసినవాళ్లెవరు?

ఇంకేమీ రాయను. ఇక్కడ వాన కురుస్తోంది.

అక్క

జూన్ 17

అక్కా,

మర రాయికి గంట్లు కొట్టించడానికి ఆపాను. రాయి నున్నబడి పిండి వేడిగా, ముతకగా దిగుతోంది, నువ్వే కదా వెళ్లేముందు "ఈ నెల రాయి కొట్టించాలి" అన్నావు. రాయి కొట్టేవాడు రెండు రోజులు కూర్చున్నాడు. రాయి దుమ్ము ఇల్లంతా పట్టింది. ఎల్లుండి మళ్లీ బిగించాం, నడుస్తోంది. పిండి ఎంత మెత్తగా వస్తోందంటే, తడి గింజలకు తిట్టిపోయినామె కూడా గుప్పెట్లోకి తీసుకుని చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఎప్పుడైనా చూశావా?

అయ్యో, ఎల్లుండి అని రాశాను, మొన్న అని చదువుకో. కోపంలో రాస్తే ఇలాగే ఉంటుంది.

తాళాలు ఎక్కడ పెడతామో ఆ పిల్లకు చూపించింది ఎందుకంటే, రాయి కొట్టేవాడు వచ్చే వేళకు నేను బెల్టు కొనడానికి వెళ్లాలని. నువ్వు ఫోనులో నేను కల్పించుకుంటానన్నావు. ఉత్తరంలో నువ్వు కల్పించుకున్నంత నేను ఫోనులో కూడా కల్పించుకోను.

జడ సంగతి నువ్వు అలా తీసుకుంటావనుకోలేదు. నువ్వు వేసిన జడ మర నడుస్తున్నా ఊడేది కాదు. ఆవిడది మధ్యాహ్నానికే వదులయ్యేది. చాలా?

నాలుగు రోజులన్నావు, తరవాత ఇంకో నాలుగు రోజులన్నావు. ఇప్పుడు రెండు వారాలు దాటింది. సరే అని రాయలేదు, వద్దని రాయలేదు. వానల సంగతి రాస్తున్నావు. నా సంగతి రాయి.

పొట్టి

జూన్ 19

పొట్టీ,

నీ ఉత్తరం చదివి కాసేపు సిగ్గుపడ్డాను. రాయి కొట్టించమన్నది నేనేనని గుర్తొచ్చింది. ఆ మాట ఇంతటితో వదిలెయ్. రాయి దుమ్ము తడిగుడ్డతో తుడిస్తే బురదవుతుంది. పొడిగుడ్డతో దులిపి తరవాత తుడువు.

నిన్న మధ్యాహ్నం వానకు ఎక్కడికీ వెళ్లలేక, ఆ కుళాయి చప్పుడు వినీ వినీ ఓపిక పోయి కిందికి దిగాను. "మీ వల్ల కాకపోతే రెంచీ ఇవ్వండి, నేనే బిగించుకుంటాను" అన్నాను. అతను సొరుగు లాగి రెంచీ, దాని పక్కన కొత్త వాషరు, రెండూ బల్ల మీద పెట్టాడు. వాషరు కొనుక్కొచ్చి పెట్టుకున్నవాడికి వేయడానికి ఏం రోగం? ఒళ్లు మండి అదే అడిగాను.

"వదినగారూ, కూర్చోండి" అన్నాడు.

నేను కూర్చోలేదు. ఆ మాట విని కదల్లేదు కూడా.

"మీరు రెండోసారి చెప్పిన సాయంత్రమే కొన్నాను. ఆ రోజు కుదరలేదు. మర్నాడు వేద్దామని పైకి వస్తే, మీరు లోపల నా గురించి అడుగుతున్నారు. నేను తాగుతానా అని."

"గుసగుసగా అడిగాను కదా!"

"అవునండీ. ఈవిడ గుసగుసా అలాగే ఉంటుంది. అప్పుడే మీరెవరో తెలిసింది" అన్నాడు. ఈవిడ అంటే నువ్వు. నీ పేరు అతనూ పలకడు, తోడుదొంగలు. "మీరు చూడడానికి వచ్చారు. మీరు వచ్చారని తెలిశాక కుళాయి బాగు చేస్తే, పెళ్లివారొస్తున్నారని గోడకు సున్నం కొట్టినట్టుంటుంది. ఎలా ఉందో అలాగే చూసి వెళ్లాలని వదిలేశాను."

"నేనని తెలియకపోతే ఎప్పుడు బాగు చేసేవాడివి?"

"అప్పుడే చేసేసేవాడినండీ." వాషరు చేతిలోకి తీసుకున్నాడు. "అంటే ఎలా ఉందో అలా కూడా చూపించలేదన్నమాట. రోజూ అదే అనుకుంటున్నాను, తప్పు చేశానేమోనని."

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. మంచివాడిలా నటించకూడదని చెడ్డవాడిలా కనిపించిన మనిషిని నేనింతవరకు చూడలేదు. తెలివిలేదనాలో, మరీ ఉందనాలో తెలియడం లేదు. కళ్లజోళ్లాయన మెట్ల మీద నిలబడి ఇదంతా వింటున్నాడు. "అమ్మయ్య, ఇక కుళాయి కట్టేస్తారా? నాకూ నిద్ర లేదు" అన్నాడు.

"ఆమెకు ఏం రాశారండీ?" అని అడిగాడు అతను.

"కుళాయి కారుతోందని రాశాను."

"అది నిజమే కదండీ" అన్నాడు.

తరవాత వాషరు నేనే వేశాను. అతను రెంచీ పట్టుకునే తీరు బాగాలేదు.

ముసలావిడ దగ్గరికి రోజూ వెళ్తున్నాను, పైనుంచి గాలి తగులుతుందని. ఆవిడా నేనూ పొద్దున టీ అక్కడే తాగుతాం. ఇక్కడ నాకు పనంటూ లేదు. లేవగానే పొయ్యి అంటించక్కర్లేదు. మధ్యాహ్నం పడుకుంటున్నాను, నమ్ముతావా? మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. వాన వెలిశాక వీధి చివర దాకా నడిచి, ఇస్త్రీ షాపు దగ్గర అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తాను. నన్నెవరూ "అక్కా, నా మూట ముందు పొయ్యి" అనరు.

ఇంకో నాలుగు రోజులు ఉండి చూసి చెప్తాను. తొందరపడే వయసు కాదు కదా నీది.

అక్క

జూన్ 22

అక్కా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. ఇది మూడోది, దీన్ని చింపను.

ఇంకో నాలుగు రోజులు ఉండి ఏం చూస్తావు? ఆయనలో చూడడానికి మిగిలిందేమిటో రాయి. తాగరు, కొట్టరు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటారు, రెంచీ సరిగ్గా పట్టుకోరు. ఇవన్నీ నాకు ముందే తెలుసు, రెంచీ తప్ప. నేను నెలకు పైగా అక్కడున్నాను. ఆయన ఎలాంటివారో తెలియక నిన్ను పంపుతానా?

నేను నిన్ను ఆయన్ను చూడడానికి పంపలేదక్కా. ఉండడానికి పంపాను.

బావ పోయాక నువ్వు వచ్చిన రోజు నుంచి మనిద్దరం ఒక్క రాత్రి కూడా వేరుగా లేము, నా చెయ్యి విరిగినప్పుడు తప్ప. అప్పుడు నేను తిరిగి వచ్చేసరికి నువ్వు సగమయ్యావు. పొయ్యి వెలిగించిన గుర్తు లేదు. రొట్టెలు కొనుక్కుని తిన్నావట, పాలావిడ చెప్పింది. నువ్వు చెప్పలేదు. అది చూశాక ఆయన ఉత్తరానికి ఏం జవాబు రాయాలో నాకు తెలియలేదు. నేను వెళ్తే నువ్వేమవుతావు అని తప్ప ఇంకో అనుమానం నాకు లేదు. అది నిన్నే అడిగితే, "నాకేం, రాయిలా ఉంటాను" అంటావు. అందుకని నేను లేనిచోట, మర లేనిచోట నువ్వు ఉండగలవా అని చూడాలనిపించింది. చూసిరమ్మంటేనే తప్ప నువ్వు కదలవు. పాలావిడ కోడలిని పిలిచింది కూడా అందుకే. పని నేర్చుకుంది. నీతో సరిపోయేంత నోరుంది.

నాలుగు రోజులకు వెళ్లి మూడు వారాలున్నావు. మధ్యాహ్నం పడుకుంటున్నావు. అరుగు మీద కూర్చుంటున్నావు. నీ ఉత్తరాల్లో ఆయన తప్పులు ఒక్కొక్కటే తగ్గాయి, నీ సంగతులు పెరిగాయి. నేనూ ఇక్కడ ఒక్కదాన్నే రాయి కొట్టించాను, బెల్టు మార్చాను. రెండు పూటలా వండుకున్నాను, ఒక్కోసారి నీ వంతు కూడా వండి పాలావిడ కోడలికి పెట్టాను. బాగున్నానని కాదు, ఉన్నాను.

నువ్వు వద్దంటే ఆ మాట ఎత్తనన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు సరే అన్నా వెళ్తాను, వద్దన్నా వెళ్తాను. కానీ ఏదో ఒకటి అను. వద్దను, తిట్టు, పడతాను. నువ్వు ఏమీ అనకుండా నాలుగేసి రోజులు జరుపుతూ ఉంటే మాత్రం నా కాలు గుమ్మం దాటదు. అది నీకూ తెలుసు. తెలిసే జరుపుతున్నావని కూడా నాకు తెలుసు.

పొట్టి

జూన్ 25

పొట్టీ,

సరే.

ముందే రాసేశాను. చివరికి వదిలేస్తే ఊళ్లో వానల సంగతి రాసి, కాగితం అయిపోయిందంటాను.

నీ ఉత్తరం పైన ముసలావిడ గదిలో చదువుకున్నాను. ఆవిడ "ఏం రాసింది?" అంది. "నన్ను పరీక్షకు పంపిందట" అన్నాను. "ప్యాసయ్యావా?" అంది. తెలియదన్నాను. "ప్యాసయితే ఏడుస్తావేం?" అంది. ఏడవలేదు, ఇక్కడి ఉక్కకు కళ్లు కూడా చెమరుస్తాయి.

కోపం వచ్చింది, రాలేదనను. నాకంటే చిన్నదానివి, నన్ను బస్సెక్కించి గుడ్డిదాన్ని చేశావు. పెళ్లివారింటికి నేను చూడడానికి వెళ్లాననుకుంటే, అతను నన్ను చూశాడు, ఊడ్చే ఆవిడ చూసింది, కళ్లజోళ్లాయన విన్నాడు, ఇంటి దగ్గర నుంచి నువ్వు చూశావు. చూడనిది నేనొక్కదాన్నే. కానీ నువ్వు రాసింది అబద్ధం కాదు. ఇక్కడ ఉండగలనని నాకు మొదటి వారంలోనే తెలిసింది. అది నీకు రాస్తే నువ్వు వెళ్లిపోతావు. అందుకని కుళాయి సంగతి రాశాను.

కింద కౌంటరు దగ్గరికి వెళ్లి, "మరిదీ, రేపు పొద్దుటి బస్సుకు నాకు టిక్కెట్టు తెప్పించు" అన్నాను. అతను నిలబడి తింటున్నాడు. పళ్లెం కింద పెట్టి ఏదో అనబోయి, మళ్లీ పళ్లెం తీసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చుని తినడం ఇన్నాళ్లలో అదే చూడడం. మజ్జిగ కావాలా అని అడిగితే తల ఊపాడు. అంతే, నీ మనిషితో నాకు జరిగిన పెళ్లి మాటలు ఇవే.

పాలావిడ కోడలిని ఉండనీ. నాకు కావాలి. బెల్టు దగ్గరికి వచ్చేటప్పుడు జడ ముడి వేసుకోమను, కొంగు బొడ్లో దోపుకోమను. నోరుందంటున్నావు కదా, మంచిదే. లేకపోతే ఆ మోతలో నాకు వినపడదు.

నువ్వు కాపురానికి వెళ్లాక ఎప్పుడైనా వస్తాను. గది అద్దె ఇచ్చే ఉంటాను, ఊరికే ఉండను. రెండో అంతస్తు గదే కావాలి. ముసలావిడకు చెప్పాను, ఆవిడ అప్పుడే నన్ను ఎవరి తాలూకనాలో వెతుక్కుంటోంది. అల్లుడి వదిననంటే ఆవిడకు కూతుర్నవుతానట. వరసలు కలపడంలో మన పాలావిడను మించింది.

ఇంక ఒక్క మాట. రేపు పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటాను. ఈ ఉత్తరం నాకంటే ముందే అందాలని కళ్లజోళ్లాయన ఈ రాత్రే మన ఊరి మీదుగా వెళ్తుంటే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. నేను వచ్చేలోగా నీ పెట్టె సర్దుకుని తాళం వేసెయ్. తాళంచెవి నాకు ఇవ్వకు. నేను దగ్గరుంటే సాయం చేస్తున్నట్టే ఉండి, పెట్టినవి ఒక్కొక్కటే తీసి పక్కన పెడతాను.

అక్క